వెన్నెలబీడు మీద ముళ్ల వాన

రత్నశిఖర నగరానికి వాకిళ్లు చాలా ఉన్నాయి గాని, గడ్డికి ఒక్క వాకిలి కూడా లేదు. ఈ సంగతి మైలారికి తూర్పువాకిలి ముందు, రాతిసింహం కోరలు మెడకు ఆనిన తరువాత గాని తెలిసిరాలేదు.

ఏమి నగరమది! ఏడంతస్తుల మేడలు, మేడమేడకూ పగడాల గవాక్షాలు, గవాక్షాల్లో పన్నీరు చిలకరించే వెండి చిలుకలు. వీధుల్లో పరిచిన చలువరాళ్ల మీద ఏనుగు నడిచినా చప్పుడు వినపడదు. నడిబొడ్డున ఇనుము కరిగించే కొలుములు రేయింబవళ్లు మండుతుంటాయి. ఆ పొగ పట్టి సూర్యుడు కూడా అక్కడ రాగిచెంబులా కనిపిస్తాడు. ఇంత వైభవం ఉండీ ఆ ప్రాకారాల లోపల ఒక లేగదూడ నోటికి అందేంత పచ్చిక లేదు. సిరికీ పచ్చికకూ ఎందుకు పడలేదో ఆ ఊరి పండితులను అడగాలి.

మైలారి వెన్నెలబీడు గొల్లవాడు. ఒంటి మీద ఉన్నది మాత్రం మాంత్రికుడు కంటకనాథుడి బంటు వేషం. నల్ల కంబళి, మెడలో ముళ్లదండ, నుదుట మసిబొట్టు. దారిలో ఎదురుపడిన బంటునొకణ్ణి కుస్తీలో పడగొట్టి, నోట్లో గుడ్డ కుక్కి బండచాటున పడేసి ఈ వేషం సంపాదించాడు. తొలివాన పడేలోపు మంత్రి సుమేధుణ్ణి చూడాలి. చూసి, బీడు మీద వేసిన రాజముద్ర వెనక్కి తీయించాలి. తీయించలేకపోతే వెన్నెలబీడు ఉండదు. బీడు పోతే మంద పోతుంది, మంద పోతే గొల్లలు పోతారు. అంతే లెక్క.

"నీ పని?" అంది తూర్పు సింహం.

"గడ్డి పని సామీ."

"ఈ వాకిలి అడవులది. నీ గడ్డి అడవేనా?"

"కాదు సామీ. మా పక్క చెట్లు యాడుంటాయి?"

కోర కసుక్కున దిగింది. మైలారి చేపపిల్లలా జారి వెనక్కి దూకాడు గాని, కంబళిలో సగం సింహం నోట్లోనే ఉండిపోయింది. బతుకు జీవుడా అని ప్రాకారం వెంట దక్షిణానికి పరుగెత్తాడు. అది పొలాల వాకిలి.

"దున్నుతారా?" అంది అక్కడి సింహం.

"దున్నితే ఇంకేముంది సామీ, గడ్డి సస్తాది గదా!"

పంజా గాలిని చీల్చింది. భుజం మీద నాలుగు ఎర్ర చారలు లేచాయి. పడమటి వాకిలి తోటలది. నీళ్లు పోసి పెంచుతారా అని అడిగింది ఆ సింహం. దేవుడే పోస్తాడు అన్నందుకు మైలారి జులపాల్లో కొంత కొరికి ఉమ్మింది.

చివరికి రొప్పుతూ రోజుతూ ఉత్తరవాకిలికి చేరాడు. అక్కడి సింహం ముసలిది. చెవులు అరిగిపోయాయి. అది కోపగించుకోలేదు, ఆవులించింది.

"అడవి కాదు, పొలం కాదు, తోట కాదు. అలాంటి నేలలన్నీ నా వాకిలికే వస్తాయి. దాని పేరేమిటో నీ నోటితో చెప్పు, తలుపు తీస్తాను."

ఆ పేరు మైలారికి తెలుసు. కన్నతల్లిని గొడ్రాలని పిలవమన్నట్టుంది. నాలుక తిరగలేదు.

ఎందుకు తిరగలేదో చెప్పాలంటే అమ్మగడ్డి సంగతి చెప్పాలి. వెన్నెలబీడు గొల్లలు ఏరువాక ముందు మందలో అందరికన్నా ముసలి ఆవును ముందు నడిపిస్తారు. అది అలసి ఎక్కడ కూలబడితే ఆ మేర అంతా అమ్మగడ్డి. మూడు వానకాలాలు గడిచేదాకా అందులోకి ఆవు పోదు, కొడవలి పోదు, నిప్పు పోదు. చెంగలి, బోద, గరిక నడుమెత్తు పెరిగి గింజ రాలుస్తాయి. వేళ్లు మట్టి లోపల పలుపుతాళ్లలా బలుస్తాయి. కౌజులూ బట్టమేక పిట్టలూ నేల మీదే గుడ్లు పెడతాయి, కృష్ణజింకలు ఈనుతాయి. ఘోర కరువొచ్చిన ఏడు పెద్దగొల్ల ఆన ఇస్తే ఆ గడ్డే మందను బతికిస్తుంది. ఆకలికి చచ్చిన దూడ ఆ బీడులో లేదంటే ఈ కట్టుబాటు చలవే.

నిరుడు రాజుగారి కొలతగాళ్లు వచ్చారు. ఈ నేల ఎవరు వాడుకుంటున్నారు అని అడిగారు. పెద్దగొల్ల ఎల్లమంద మైలారికి మేనమామ, పెంచినవాడు కూడా. ఆయన పాలకుండ మీద చెయ్యి వేసి, రొమ్ము విరుచుకుని చెప్పాడు. "మా గిట్ట పడలేదు, మా కొడవలి పడలేదు, మా నిప్పు పడలేదు. పడుంటే నా మంద పాలు ఎండిపోవాల!" కొలతగాళ్లు తలలూపారు. తన మాట నమ్మారని ఎల్లమంద పొంగిపోయి వాళ్లకు మీగడ పెట్టి సాగనంపాడు. మూడు వానలపాటు ఎవరూ తాకని నేల బంజరనీ, బంజరు రాజుదనీ ఆ రాజ్యపు శాసనం. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారు గనక! దొంగలు దోచుకున్న ఊళ్లు విన్నాం గాని, ఇలా నిజం చెప్పి మునిగిన కొంపను ఎవరూ విని ఉండరు.

ఉత్తరాన ఉరుము వినిపించింది. మైలారి కళ్లు మూసుకున్నాడు.

"బంజరు," అన్నాడు.

ముసలి సింహం నోరు తెరిచింది. దాని గొంతులోంచే దారి. మైలారి ఏడుస్తూ లోపలికి నడిచాడు.

దారి మెట్లు మెట్లుగా పైకెక్కి, ఏడో అంతస్తులోని ముద్రామండపంలోకి తెరుచుకుంది. నూరు దంతపు స్తంభాలు, స్తంభానికొక అధికారి. ఎవరి ముందు చూసినా చెక్క మీద తీర్చిదిద్దిన రాజ్యపు పటాలు. నదులు నీలపురాళ్లతో, పొలాలు పుష్యరాగాలతో, అడవులు గరుడపచ్చలతో పొదిగారు. వెన్నెలబీడు ఉండవలసిన చోట ఏ రాయీ పొదగలేదు, ఉత్త చెక్క కనిపిస్తోంది.

నడుమ చాప మీద కూర్చున్న బక్కపలచని ముసలాయనే మంత్రి సుమేధుడు. తలెత్తి చూసి చిన్నగా నవ్వాడు.

"గొల్లవాడివి కదూ? కంటకనాథుడి బంట్లకు కంబళి అలా భుజాన వేసుకోవడం చేతకాదు. దాహంగా ఉన్నట్టున్నావు. ముందు మంచినీళ్లు తాగు."

ఖడ్గం దూసే రాక్షసుణ్ణి ఊహించుకుని వచ్చిన మైలారికి ఆ చల్లని మాట మీద ఎలా కలబడాలో తోచలేదు. చెంబు దించి చేతులు జోడించాడు.

"సామీ, మా బీడులో ఇనుపతుమ్మ యేయొద్దు. ఆ ముళ్లు లేస్తే కింద గరికపోస గూడా మొలవదు. మా గొడ్లు సస్తాయి."

"విను నాయనా," అన్నాడు సుమేధుడు. "నా చిన్నతనంలో పెద్ద కరువొచ్చింది. మా ఊళ్లో నాగలికి కర్రు లేదు, బావి తవ్వడానికి గునపం లేదు. నా చెల్లెళ్లు గంజినీళ్లు కూడా లేక పోయారు. ఈ రాజ్యంలో ఇంకెవరి చెల్లెలూ అలా పోకూడదని ఈ చాప మీద కూర్చున్నాను. నాగళ్లు కావాలంటే ఇనుము కావాలి. ఇనుము కరగాలంటే బొగ్గు కావాలి. అడవులన్నీ కొలుముల్లోకి పోయాయి. ఇనుపతుమ్మ ఒక్క వానకు కొట్టే ఎత్తుకు వస్తుందని కంటకనాథుడు మాట ఇచ్చాడు. ఎవరికీ అక్కరలేని నేలలో వేస్తే ఎవరికి నష్టం చెప్పు?"

"అక్కరలేని నేల కాదు సామీ, అది దాపెట్టుకున్న నేల! ఇంట్లో గాదె మూసిపెట్టుకుంటే ఎవురిదీ కాదంటారా?"

సుమేధుడు ఆలోచనలో పడ్డాడు. నిజంగానే పడ్డాడు. స్తంభాల వైపు తిరిగి అడిగాడు. "దాపెట్టుకున్న నేలంటే వాడుకుంటున్నట్టా, వాడనట్టా?"

అధికారులు గుసగుసలాడారు. ఒకడు శాసనం వల్లించాడు, ఒకడు వ్యాఖ్యానం చేశాడు, ఒకడు నిట్టూర్చాడు. చివరకు అందరిలో పెద్దవాడు లేచి, అలాంటి నేల శాసనంలో లేదనీ, లేని నేలను కాపాడే అధికారం ఎవరికీ లేదనీ విన్నవించాడు. వాళ్లలో ఒక్కడు కూడా చెడ్డవాడు కాడు. అదే మైలారి కర్మ.

కిటికీ అవతల కారుమబ్బు కమ్ముకొస్తోంది.  ఇక మిగిలింది ఒక్క దారి.

"మా మామ అబద్ధం సెప్పినాడు సామీ," అన్నాడు. "ఆ గడ్డి మేము మేపినాం. కోసినాం గూడా."

 సుమేధుడు సైగ చేయగానే భటులు సత్యకలశం తెచ్చి ముందు పెట్టారు. బంగారు కలశంలో నిప్పు లేకుండానే పాలు కుతకుత మరుగుతున్నాయి. నిజం పలికినవాడి చేతికి ఆ పాలు వెన్నలా చల్లన, అబద్ధమాడినవాడి చేతిని ఎముకదాకా ఉడికిస్తాయి.

మైలారికి పాలంటే దేవుడు. ఒక్కసారి ఎల్లమందను తలుచుకున్నాడు. కుడిచేయి మణికట్టుదాకా ముంచాడు.

"మేపినాం," అన్నాడు. చర్మం చిట్లింది. "మేపినాం. మా ఆవులు మేసినాయి." పళ్లు బిగించి కళ్లనీళ్లతో అదే మాట అంటూ ఉన్నాడు. ఆ కమురు వాసనకు అధికారులు ముఖాలు తిప్పుకున్నారు. సుమేధుడే లేచి వచ్చి చేతిని బయటికి లాగి, తన ఉత్తరీయం చింపి చుట్టాడు. ఆయన కళ్లు తడిశాయి.

"నువ్వు అబద్ధమాడావు నాయనా. అంటే మీ మామ నిజం చెప్పాడు. ఆయన నిజం చెప్పాడు గనక నేల బంజరే."

"ముద్ర తీసెయ్యండి సామీ! యేసింది మీరే గదా!"

"వేయడానికి ఈ మండపం కట్టారు. తీయడానికి ఇంకా ఏదీ కట్టలేదు. అడుగుదామన్నా ఎవరిని అడగాలో నాకూ తెలియదు."

ఆ మాట పూర్తికాకముందే ఒక స్తంభం నిలువునా చీలి, అందులోంచి కంటకనాథుడు బయటికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, గడ్డం నిండా ముళ్లు, వేలివేలికీ ఇనుపగోరు, భుజాన బానపొట్టలాంటి విత్తుల గోతం.

"మంత్రివర్యా, చినుకు పడబోతోంది. అనుజ్ఞ!"

సుమేధుడు తల వంచాడు. అదే అనుజ్ఞ. మాంత్రికుడు చిటిక వేసేసరికి ఇనుప రెక్కల గద్ద ఒకటి గవాక్షం బద్దలుకొట్టుకుని వచ్చి వాణ్ణి వీపున ఎక్కించుకుంది. "ఆ దొంగ బంటును పట్టుకోండి!" అని వాడు కేక వేయగానే ఈటెలు లేచాయి. మైలారి ఒక భటుడి గొడ్డలి ఎడంచేత్తో ఊడబెరికి, చాపలూ పటాలూ తొక్కుకుంటూ పరుగెత్తి, ఏడో అంతస్తు గవాక్షం లోంచి ఆకాశంలోకి దూకాడు. దూకుతూ ఈల వేశాడు.

ప్రాకారం అవతలి గుట్టచాటున అతని కోసం ఎదురుచూస్తున్న పెనుబట్టమేక లేచింది. మామూలు బట్టమేక పిట్ట పొట్టేలంత ఉంటుంది, ఇది ఎద్దంత. తెల్లని మెడ, నల్లని నెత్తి. వెన్నెలబీడును తాతముత్తాతల నాటినుంచి కాచుకుంటున్న ఆడపక్షి అది. రివ్వున కిందికొచ్చి మైలారిని వీపున అందుకుంది.

ఇక ఆకాశంలో పరుగు చూడాలి! కింద కొండలు గులకరాళ్లయ్యాయి, నదులు నూలుపోగులయ్యాయి. గద్ద రెక్క విసిరితే ఇనుపఈకలు బాణాల్లా వచ్చిపడుతున్నాయి. బట్టమేక ఒకటి తప్పించుకుంటే ఒకటి తగులుతోంది. తెల్లని మెడ ఎర్రబడింది. అయినా వేగం తగ్గించలేదు. వెన్నెలబీడు కనుచూపుకు అందింది. గాలికి వంగి లేస్తున్న అమ్మగడ్డి కనబడగానే మైలారికి కొత్త ఊపిరి వచ్చింది.

"ఇంగొక్క దూకు తల్లీ!"

పక్షి గద్ద పక్కకు దూసుకుపోయింది. మైలారి ఎడంచేత్తో గొడ్డలి ఎత్తి బలమంతా కూడదీసి కొట్టాడు. దెబ్బ మాంత్రికుడి భుజం తప్పి గోతానికి తగిలింది. గోతం నిలువునా చిరిగింది.

తొందరపాటు మనిషికి కళ్లుండవు. నల్లని విత్తులు కుప్పలు తెప్పలుగా, వడగళ్లలా, అమ్మగడ్డి ఈ కొసనుంచి ఆ కొసదాకా రాలిపోయాయి. కంటకనాథుడు పగలబడి నవ్వాడు.

"చేయి నొప్పి పుట్టేదాకా నేను చల్లవలసిందిరా! మేలు చేశావు!"

గద్ద మబ్బుల్లోకి మాయమైంది. బట్టమేక తూలుతూ నేలకు దిగింది. అమ్మగడ్డి అంచున ఎల్లమంద మందతో నిలబడి ఉన్నాడు. నిరుటికన్నా పదేళ్లు ముసలివాడైనట్టున్నాడు.

"ఏమన్నారు అల్లుడా?"

మైలారి గుడ్డ చుట్టిన చెయ్యి చూపించాడు. "నువ్వు అబద్ధం సెప్పినావని పాలల్లో ప్రమాణం చేసినా మామా. పాలు ఒప్పుకోలేదు. ఇత్తులు గూడా నేనే రాల్చినా."

ముసలాయన తిట్టలేదు. ఆ చేతిని పట్టుకుని, చిన్నపిల్లాడి పుండు మీద ఊదినట్టు ఊదాడు. తిడితేనే మైలారికి హాయిగా ఉండేది. ఎల్లమంద ఒక విత్తును ఏరి గోటితో నొక్కి చూశాడు.

"తడి తగిలి యేరు దిగేలోపల కాలిస్తే ఇది సస్తాది. గడ్డికేం గాదు. దాని పానం మట్టి కిందుంటాది, కాలినా లేస్తాది."

"లోపల గుడ్లుండాయి గదా మామా. జింక పిల్లలుండాయి."

ఎల్లమంద మొలలోంచి చెకుముకి తీశాడు. బీడుకు నిప్పు పెట్టే హక్కు పెద్దగొల్లదే, ఇంకెవరూ పెట్టకూడదు. 

"నా నిప్పు పడలేదని పాలకుండ మీద చెయ్యేసి సెప్పినా," అన్నాడు. "ఈ పొద్దు పడతాది."

గడ్డిచుట్ట అంటించుకుని, మైలారి వారిస్తున్నా వినకుండా ముసలాయన అమ్మగడ్డి నడుమకు నడిచిపోయాడు. నాలుగు దిక్కులా అంటించి, కాళ్ల చుట్టూ అప్పటికే కాలిన మసినేలలో నిలబడ్డాడు. మంట చెంగలి మీదికి పాకింది. విత్తులు పేలాల్లా చిటపట పేలసాగాయి. కంటకనాథుడి మంత్రం మాడిపోతున్న ఆ చప్పుడు వింటే మైలారికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంతలో తల్లిజింకలు పొగలోంచి బయటికి దూకాయి. వాటి వెంట పిల్లలు రాలేదు. కౌజులు గుంపులుగా లేచి, తిరిగి అక్కడే దిగాలని చూసి, దిగలేక సుళ్లు తిరిగాయి. నెత్తురోడుతున్న పెనుబట్టమేక మెడ ఎత్తి మంట వైపు చూసింది. మైలారికి అప్పుడు గాని అర్థం కాలేదు, దాని గుడ్డు కూడా అందులోనే ఉంది. అది ఏటా ఒక్కటే పెడుతుంది. పక్షి రెక్కలు విప్పలేదు. నడిచి లోపలికి పోయింది. మంటల నడుమ గుడ్డు మీద పొదిగి కూర్చుంది. ఇంక లేవలేదు.

మైలారి కేక వేసి ఒక అడుగు వేశాడు. నుదుట ఏదో చల్లగా తగిలింది.

చినుకు.

ఒకటి, పది, వెయ్యి. మట్టివాసన గుప్పుమంది. సగం బీడు నల్లగా కాలి ఉంది, మిగతా సగం పచ్చగా నిలిచి ఉంది. ఆ రెంటి నడుమ నిప్పు సుయ్యిమని చల్లారిపోయింది. పిట్టలూ జింకలూ ఉన్న వైపే కాలింది. విత్తులు దట్టంగా పడిన వైపు కాలలేదు. అక్కడ నేల పుట్టలా పొంగింది. ఇనుపతుమ్మ మొలకలు బుసకొడుతూ లేచి, మోకాలెత్తు, నడుమెత్తు, నిలువెత్తు అయ్యాయి. ముళ్లకొమ్మలు ఒకదానికొకటి పెనవేసుకుంటూ మసినేల చుట్టూ కోటగోడలా కలుసుకోసాగాయి. లోపల ఎల్లమంద ఒక్కడే.

"మామా!"

"మందను తోలుకొని పో అల్లుడా!" ముళ్ల అవతల నుంచి గొంతు వచ్చింది. "ఈడుండొద్దు, పో!"

"యాడికి పోయేది మామా?"

 మైలారి ఎడంచేత్తో గొడ్డలి ఎత్తి నరకసాగాడు. నరికిన చోట రెండు కొమ్మలు మొలుస్తున్నాయి. ముళ్లు ముఖాన్ని చీరాయి, కాలిన చేతి గుడ్డ ఊడబెరికాయి. వెనక మంద ఆనందంతో అంబా అంటోంది. పాపం, గొడ్లకేం తెలుసు! వేసవంతా ఎదురుచూసిన వానకు ముట్టెలు పైకెత్తాయి. లేగదూడలు తోకలు లేపి గంతులు వేస్తున్నాయి.

వెన్నెలబీడులో పుట్టినవాడెవడూ వాన ఆగిపోవాలని ఇంతవరకు మొక్కుకోలేదు. మైలారి గొడ్డలి ఆపకుండానే తల పైకెత్తి, నోటికొచ్చిన దేవుళ్లందరినీ పిలిచి, వాన ఆపమని మొక్కుకున్నాడు. ముళ్లు ఎల్లమంద తలను దాటి లేచాయి. పడమట ఇంకో మబ్బు వచ్చి పై మబ్బుతో కలిసింది.